కాలాన్ని జరపడం, కాలాన్ని తిప్పడం: ఇంటర్ ఫిజిక్స్ పుస్తకాలు రాసేవారికి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల ఇంటర్మీడియట్ ఫిజిక్స్ పాఠ్యపుస్తకాలు రూపొందించే నిపుణుల సంఘాల సభ్యులకు,



ఇంటర్ మొదటి సంవత్సరం ఫిజిక్స్‌లో రెండు మార్కుల ప్రశ్న ఒకటి చాలా ఏళ్లు తిరిగింది. గురుత్వ త్వరణం (జీ), గురుత్వాకర్షణ నియమం - ఈ రెండింటిలో దేనికి సౌష్ఠవం ఉంది? ‘భౌతిక ప్రపంచం’ అనే మొదటి అధ్యాయం చివర ఉండేది ఇది. జీ విలువ చోటును బట్టి మారుతుంది, నియమం మారదు, కాబట్టి సౌష్ఠవం నియమానికే అని ఒకటిన్నర వాక్యం రాసి పిల్లలు రెండు మార్కులు తెచ్చుకునేవారు. పేపర్లు దిద్దేవాళ్లం కూడా ‘నియమం’ అన్న మాట కనబడగానే టిక్కు పెట్టి పేజీ తిప్పేవాళ్లం.

ఆ ప్రశ్న ఎవరు పెట్టారో గాని, చాలా లోతున్న చోట చెయ్యి పెట్టారు. అధ్యాయం రాతే బాగాలేదు. ఎంసెట్‌కు పనికిరాదని దాన్ని ఒక్క పీరియడ్‌లో ముగించిన కాలేజీలే ఎక్కువ. చాలాచోట్ల ఆ పీరియడ్ కూడా దక్కలేదు. ఇక ఎన్‌సీఈఆర్‌టీ పాఠ్యభారం తగ్గించే పనిలో పదకొండో తరగతి పుస్తకంలోంచి ఆ అధ్యాయాన్ని మొత్తంగా తీసేసింది. ఇప్పుడు పుస్తకం తెరిస్తే నేరుగా ప్రమాణాలూ కొలతలూ. మీరు మళ్లీ కలం పట్టినప్పుడు ఆ అధ్యాయాన్ని వెనక్కి తెమ్మని, తెచ్చేటప్పుడు అందులో ఒక తికమకకు చోటు లేకుండా రాయమని అడగడానికే ఈ ఉత్తరం.

తికమక ఏమిటంటే, శక్తి నిత్యత్వ నియమానికి మూలం కాల సౌష్ఠవంలో ఉందని పాత అధ్యాయం చెప్పేది. సరైన మాటే. కాని క్లాసులో ‘కాల సౌష్ఠవం అంటే ఏమిటి?’ అని అడిగి చూడండి. బాగా చదివే పిల్లలే ‘వీడియోని వెనక్కి తిప్పినా నిజంలాగే కనిపించడం సార్’ అంటారు. ఆ వెంటనే ‘ఘర్షణ ఉంటే వీడియో వెనక్కి నడవదు, అందుకే అక్కడ శక్తి నష్టమవుతుంది’ అని కూడా అంటారు. కొన్ని గైడ్లలోనూ ఇదే ధోరణి చూశాను. రెండు మాటలూ తప్పే. తప్పు పిల్లలది కాదు. కాలానికి సంబంధించి రెండు వేర్వేరు సౌష్ఠవాలు ఉన్నాయని వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

ఒకటి, కాలాన్ని జరపడం. ఇవాళ పదింటికి చేసిన ప్రయోగం రేపు పదింటికి చేసినా, వందేళ్ల తర్వాత చేసినా నియమాలు అవే. రెండోది, కాలాన్ని తిప్పడం. అంటే ‘ఆదిత్య 369’ సినిమాలోలాగా యంత్రమెక్కి వెనకటి రోజులకు వెళ్లడం కాదు. కదిలే ప్రతిదాని వేగాన్నీ ఉన్నచోటనే వెనక్కి తిప్పితే, వచ్చిన దారినే పోతుందా అన్నది ప్రశ్న. శక్తి నిత్యత్వం మొదటిదాని నుంచి వస్తుంది. రెండోదానితో దానికి అవసరం లేదు.

దీని వెనక ఉన్న సిద్ధాంతం 1918లో జర్మన్ గణితవేత్త ఎమీ నోథర్ ఇచ్చింది. కొద్దికొద్దిగా చేయగల ప్రతి మార్పుకూ, అంటే ఎంత చిన్న మెట్టుతోనైనా చేయగల మార్పుకు, నియమాలు చలించకపోతే ఒక రాశి నిత్యంగా ఉంటుంది. చోటు జరిపితే ద్రవ్యవేగం, దిక్కు తిప్పితే కోణీయ ద్రవ్యవేగం, కాలం జరిపితే శక్తి. కాలాన్ని ఒక సెకను జరపొచ్చు, సెకనులో కోటో వంతు జరపొచ్చు. తిప్పడం అలా కాదు. తిప్పితే తిప్పినట్టు, లేకపోతే లేదు. సగం తిప్పడం ఉండదు. కాబట్టి నోథర్ సిద్ధాంతం అక్కడ నోరు తెరవదు. అద్దంలో ప్రతిబింబం కూడా సగం చేయలేని మార్పే, అయినా క్వాంటమ్ లెక్కల్లో దానికి నిలకడగా ఉండే ఒక గుర్తు దొరుకుతుంది. కాలాన్ని తిప్పితే అదీ దొరకదు. ఆ గణితాన్ని 1932లో విగ్నర్ తేల్చాడు. ఇది ఇంటర్ పిల్లలకు అక్కర్లేదు, ఉపాధ్యాయుల కరదీపికలో ఒక వాక్యంగా ఉంటే చాలు.

పిల్లలకు కావలసింది లెక్క. మన దగ్గరే ఉన్న సామగ్రితో చెప్పొచ్చు. శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ విద్యుత్ కేంద్రంలో ఒక్కొక్కటి 150 మెగావాట్ల యంత్రాలు ఆరున్నాయి. అవి రెండు వైపులా తిరిగే రకం. కరెంటుకు గిరాకీ ఉన్నప్పుడు పైనుంచి నీళ్లు వదిలి కరెంటు తీస్తారు. గిరాకీ పడిపోయినప్పుడు గ్రిడ్‌లో మిగిలిన కరెంటుతో దిగువ నీటిని మళ్లీ పైకి తోడవచ్చు. నాగార్జునసాగర్‌లోనూ ఇలాంటివి ఏడున్నాయి. తోడటానికి పెట్టిన కరెంటు కంటే తిరిగి వచ్చేది ఎప్పుడూ తక్కువే. తెలిసే పెడతారు, గిరాకీ వేళ యూనిట్ విలువ ఎక్కువ కనుక.

ఇప్పుడు జీ విలువ గడియారాన్ని బట్టి మారే లోకాన్ని ఊహించమనండి. అర్ధరాత్రి అన్నిటికన్నా తక్కువ. అక్కణ్నుంచి నెమ్మదిగా పెరిగి మధ్యాహ్నం పన్నెండుకు ఒక శాతం ఎక్కువ. మళ్లీ పెరిగిన తీరునే తగ్గి అర్ధరాత్రికి మొదటి విలువ. యంత్రాల్లో నష్టమే లేదనుకుందాం. అర్ధరాత్రి 10,000 టన్నుల నీటిని 100 మీటర్లు పైకి తోడితే సుమారు 2,720 యూనిట్లు ఖర్చు. ఆ నీటినే మధ్యాహ్నం వదిలితే దాదాపు 27 యూనిట్లు ఎక్కువ వస్తాయి. బొగ్గు లేదు, ఎండ లేదు, వాన లేదు, ఉత్తినే 27 యూనిట్లు. రోజూ తోడి రోజూ వదలొచ్చు. నియమం కాలంతో మారిందంటే శక్తి నిత్యత్వం పోయిందన్నమాటే. నోథర్ సిద్ధాంతాన్ని కలనగణితం లేకుండా ఇంతకన్నా సూటిగా చెప్పే దారి నాకు తెలియదు.

ఈ ఉదాహరణ ఇక్కడితో ఆపేస్తే సగం పనే అవుతుంది. ఆ లోకంలోనే మధ్యాహ్నం పన్నెండును నట్టనడుమ పెట్టి రోజంతా వీడియో తీసి వెనక్కి తిప్పండి. ఉదయం పదింటికి జీ ఎంతో మధ్యాహ్నం రెండింటికీ అంతే. కాబట్టి వెనక్కి నడిచే వీడియోలో ఎక్కడా నియమం తప్పినట్టు కనిపించదు. పైకి విసిరిన బంతి తీరుగానే పడుతుంది. నీళ్లు మధ్యాహ్నం పైకి తోడి అర్ధరాత్రి కిందికి వదులుతున్నట్టు కనిపిస్తుంది. నష్టపు బేరమే, కాని ఆ లోకంలో జరగదగ్గ బేరం. అంటే కాలాన్ని తిప్పినా చెల్లుతోంది, శక్తి మాత్రం నిలవడం లేదు. తిప్పగలిగినంత మాత్రాన శక్తి నిత్యత్వం రాదని పిల్లవాడు తన చేత్తో లెక్కేసి చూసుకుంటాడు.

ఈ పాఠం చెప్పినప్పుడు ముందు బెంచీ అమ్మాయి ఎవరో ఒకరు లేచి, నిజంగానే చంద్రుడి వల్ల జీ మారుతుంది కదా సార్ అని అడుగుతుంది. అడగాలి కూడా. మారుతుంది, సుమారు కోటిలో ఒక వంతు, చాలాచోట్ల రోజుకు రెండు విడతలుగా. సున్నితమైన గ్రావిమీటర్లకు ఆ మార్పు తెలుస్తుంది. సముద్రానికైతే యంత్రం అక్కర్లేదు. ఆటుపోట్లతో ఫ్రాన్స్‌లోని లా రాన్స్ దగ్గర 1966 నుంచి 240 మెగావాట్ల కేంద్రం నడుస్తోంది. మరి అది ఉత్తినే వచ్చిన కరెంటా? కాదు. బిల్లు భూభ్రమణం కడుతోంది. ఆటుపోట్ల రాపిడికి రోజు నిడివి శతాబ్దానికి 2 మిల్లీసెకన్ల చొప్పున పెరుగుతోంది, చంద్రుడు ఏడాదికి 3.8 సెంటీమీటర్లు దూరం జరుగుతున్నాడు. ఆ రెండు మార్కుల జవాబుకు అసలు అర్థం ఇక్కడ తెలుస్తుంది. జీ కాలంతో మారింది, దాన్ని మార్చిన నియమం మారలేదు. అందుకే భూమినీ చంద్రుణ్నీ ఒకే పద్దులో వేస్తే పైసా తేడా రాదు. పాత జవాబులో జీ చోటును బట్టి మారుతుందని మాత్రమే ఉండేది. కాలాన్ని బట్టి కూడా మారుతుందన్న ముక్క చేర్చండి.

రెండో వైపు, అంటే తిప్పడం చెల్లకపోయినా శక్తి నిలిచే ఉదాహరణ కోసం దూరం వెళ్లనక్కర్లేదు, రెండో సంవత్సరం పుస్తకంలోనే ఉంది. అయస్కాంత క్షేత్రంలో ఎలక్ట్రాన్ గుండ్రంగా తిరుగుతుంది. దాని వేగాన్ని ఠక్కున వెనక్కి తిప్పితే వచ్చిన దారిన పోదు. ఆ బిందువు దగ్గర మొదటి వృత్తాన్ని తాకుతూ అవతలి పక్క ఇంకో వృత్తం గీస్తుంది. వీడియో వెనక్కి తిప్పితే అబద్ధం. బలం ఎప్పుడూ వేగానికి లంబంగానే ఉంటుంది కాబట్టి పని సున్నా, గతిజశక్తి వెంట్రుకవాసి మారదు. క్షేత్రాన్నిచ్చే తీగచుట్టలో కరెంటును కూడా తిప్పేస్తే ఎలక్ట్రాన్ పాత దారి పడుతుంది, నిజమే. కాని క్షేత్రాన్ని అలాగే ఉంచినంతసేపు, తిప్పడం చెల్లని చోట కూడా శక్తి నిక్షేపంగా నిలిచి ఉంది. ఆ అధ్యాయం అభ్యాసాల్లో దీన్ని ఒక ప్రశ్నగా పెడితే చాలు.

ఘర్షణ సంగతికి వద్దాం. దీన్ని ఇంత వెనక పెట్టడం కావాలనే చేశాను, ముందే వస్తే అన్నీ కలిసిపోతాయి. 15 గ్రాముల క్యారమ్స్ స్ట్రైకర్ సెకనుకు 3 మీటర్ల వేగంతో బయల్దేరి బోర్డు మీద ఆగిపోయింది. పోయిన గతిజశక్తి 0.07 జౌల్ కూడా లేదు. అదంతా వేడిగా మారింది. ఒక గ్రాము నీటికి ఇస్తే డిగ్రీలో వందో వంతున్నర పెరుగుతుందంతే. మన వేలికి తెలియదు కాబట్టి ‘పోయింది’ అంటున్నాం. వేడిని, పనిని ఒకే కొలమానంలో వేసి చూపించడానికి 1840ల్లో జౌల్‌కు ఏళ్లు పట్టింది. ఎత్తునుంచి పడిన నీళ్లు టర్బైన్‌ను తిప్పకుండా ఊరికే కింద పడి కుదురుకుంటే 100 మీటర్లకు దాదాపు పావు డిగ్రీ వేడెక్కాలి. పద్దు అక్కడా సరిపోతుంది.

మరి ఆగిన స్ట్రైకర్ బోర్డు వేడిని తిరిగి పీల్చుకుని తనంత తాను ఎందుకు కదలదు? శక్తి నిత్యత్వానికి అందులో అభ్యంతరమేమీ లేదు. అణువుల స్థాయి నియమాలకూ లేదు. వియన్నాలో బోల్ట్‌జ్‌మన్‌ను 1876లో లోష్మిట్ నిలదీసింది ఇక్కడే. ప్రతి అణువు వేగాన్నీ తిప్పేస్తే అంతా వెనక్కి నడవాలి కదా, మరి ఎంట్రోపీ పెరుగుతూనే ఉంటుందని ఎలా అంటావని. వేగాలన్నీ సరిగ్గా తిప్పిన ఆ అమరిక కోటానుకోట్లలో ఒకటి, చెదిరిన అమరికలు మాత్రం లెక్కలేనన్ని అన్నది బోల్ట్‌జ్‌మన్ జవాబు సారాంశం. అంటే ఇది ఉష్ణగతికశాస్త్రం రెండో నియమం వ్యవహారం. శక్తి నిత్యత్వం చెప్పే మొదటి నియమానికి పూయకండి. నిజంగా తిప్పి చూపించిన సందర్భం కూడా ఉంది. 1950లో ఎర్విన్ హాన్ చెదిరిపోయిన కేంద్రక స్పిన్లను ఒక రేడియో పల్స్‌తో వెనక్కి మళ్లించి ఆరిపోయిన సంకేతాన్ని మళ్లీ పలికించాడు. ఎంఆర్ఐ స్కానుల్లో ఈ పద్ధతిని నేటికీ వాడుతున్నారు.

ఈ రెండు సౌష్ఠవాలు వేరన్నది పుస్తకాల్లో గీసుకున్న గీత కాదు. చరిత్రలో ఒకే బలం దగ్గర రెండూ పరీక్షకు నిలిచాయి. ఒకటి నెగ్గింది, ఒకటి ఓడింది. అధ్యాయంలో కథ చెప్పే చోటు ఒక్కటే ఉంటే దీనికివ్వండి.

బీటా క్షయంలో కేంద్రకం ఎలక్ట్రాన్‌ను విసురుతుంది. కేంద్రకం ముందూ తర్వాతా ఎంత శక్తి ఉందో తెలుసు కనుక ఎలక్ట్రాన్ ప్రతిసారీ ఒకే శక్తితో రావాలి. రాలేదు. ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ, మధ్యలో అన్ని విలువలూ. చాడ్విక్ 1914లోనే దీన్ని చూశాడు. 1927లో ఎల్లిస్, వూస్టర్ ఆ క్షయం మొత్తం వేడిని కొలిచి చూసినా లోటు లోటుగానే ఉంది. కేంద్రకంలో శక్తి నిత్యత్వం సగటున మాత్రమే చెల్లుతుందేమో, ఒక్కో సంఘటనలో చెల్లదేమో అనడానికి నీల్స్ బోర్ అంతటివాడు సిద్ధపడ్డాడు.

వుల్ఫ్‌గాంగ్ పౌలీ ఒప్పుకోలేదు. 1930 డిసెంబర్ 4న జ్యూరిక్ నుంచి, ట్యూబింగెన్‌లో సమావేశమైన రేడియోధార్మికత పరిశోధకులకు లేఖ రాశాడు. అదీ బహిరంగ లేఖే! జ్యూరిక్‌లో ఓ నాట్య విందు ఉండటం వల్ల తాను రాలేకపోతున్నానని కూడా అందులో రాసుకున్నాడు. ఎలక్ట్రాన్‌తోపాటు ఆవేశం లేని, ఎవరి కంటా పడని తేలికపాటి కణం ఇంకొకటి వెళ్తోందని, మిగతా శక్తిని అది పట్టుకుపోతోందని అతని ప్రతిపాదన. తెగించి చేసిన ప్రతిపాదన అని అతనికే తెలుసు. ఫెర్మీ బృందం ఆ కణానికి న్యూట్రినో అని పేరు పెట్టింది, 1934లో ఫెర్మీ సిద్ధాంతం కట్టాడు. 1956లో రైన్స్, కోవన్ అమెరికాలోని సవానా రివర్ రియాక్టర్ దగ్గర దాన్ని పట్టుకుని పౌలీకి టెలిగ్రామ్ ఇచ్చారు. పావు శతాబ్దం తర్వాత పద్దు సరిపోయింది. మన పిల్లలకు దగ్గరి మాట ఒకటి: విశ్వకిరణాలు గాలిని ఢీకొన్నప్పుడు పుట్టే న్యూట్రినోలను మొదటిసారి గుర్తించిన చోట్లలో చిత్తూరు సరిహద్దుకు కాస్త ఆవల ఉన్న కోలార్ బంగారు గనులు ఒకటి, 1965లో.

టెలిగ్రామ్ వచ్చిన మరుసటి ఏడాదే బీటా క్షయం ఇంకో దెబ్బ కొట్టింది. అద్దంలో చూసినా నియమాలు మారవన్నది అప్పటిదాకా అందరి నమ్మకం. లీ, యాంగ్ అనుమానించారు. చియెన్-షియుంగ్ వూ కోబాల్ట్-60ను అతి చల్లటి స్థితిలో ఉంచి చూసింది. ఎలక్ట్రాన్లు ఒక పక్కకే ఎక్కువగా వెళ్తున్నాయి. బలహీన కేంద్రక బలానికి కుడి ఎడమల తేడా తెలుసు. ఈసారి పౌలీ పందెం తప్పింది. దేవుడు ఎడమచేతివాటం వాడంటే నమ్మనని వూ ఫలితం తనకు చేరకముందే మిత్రుడికి ఉత్తరం రాశాడు. శక్తి విషయంలో లోకమంతా తడబడినప్పుడు నిలబడ్డ మనిషి, అద్దం విషయంలో లోకంతోపాటు పడిపోయాడు. దీన్ని పిల్లలకు తప్పక చెప్పాలి. ఏ సౌష్ఠవం నిలుస్తుందో మన నమ్మకం తేల్చదు, కొలిచి తెలుసుకోవలసిందే.

ఆ తర్వాత కాలాన్ని తిప్పడం వంతు. 1964లో బ్రూక్‌హేవెన్‌లో క్రోనిన్, ఫిచ్ బృందం దీర్ఘకాలం బతికే తటస్థ కేయాన్లను గమనించింది. అవి రెండు పయాన్లుగా విరగకూడదు. సుమారు ఐదు వందల్లో ఒకటి విరుగుతోంది. కణాన్ని ప్రతికణంగా మార్చడం, అద్దంలో చూడటం - ఈ రెండూ కలిపి చేసినా తేడా వస్తోందని దీని అర్థం. వీటికి కాలాన్ని తిప్పడం కూడా కలిపి మూడూ ఒకేసారి చేస్తే తేడా రాకూడదన్నది చాలా గట్టి సిద్ధాంతం. పౌలీ చెయ్యి అందులోనూ ఉంది. మొదటి రెండింటిలో తేడా ఉంటే దాన్ని సరిచేయడానికి మూడోదానిలోనూ ఉండి తీరాలి. 1998లో సెర్న్‌లోని సీపీ-లియర్ ప్రయోగం నేరుగా చూసింది. ప్రతికేయాన్ కేయాన్‌గా మారే వేగమూ, కేయాన్ ప్రతికేయాన్‌గా మారే వేగమూ ఒకటి కాదు, తేడా వెయ్యికి ఆరేడు పాళ్లు. 2012లో స్టాన్‌ఫర్డ్‌లోని బాబార్ ప్రయోగం బీ-మెసాన్లలోనూ అలాంటి తేడానే చూపింది. ప్రకృతి ఆట్టే కాకపోయినా, తిప్పిన వీడియోను గుర్తుపట్టగలదు.

మరి శక్తి? క్రోనిన్, ఫిచ్ ఆ అరుదైన సంఘటనలను ఎలా ఏరారో చూడండి. వచ్చిన రెండు కణాల ద్రవ్యవేగాలను కొలిచి, శక్తి, ద్రవ్యవేగం నిలుస్తాయని ధీమాగా ఒప్పుకుని, వెనక్కి లెక్కేశారు. జవాబు కేయాన్ ద్రవ్యరాశి, అంటే సుమారు 498 ఎంఈవీ దగ్గర పడి, దిశ పుంజంతో కలిస్తేనే సంఘటనను లెక్కలోకి తీసుకున్నారు. కాలాన్ని తిప్పడం చెల్లదన్న సంగతి బయటపడింది శక్తి నిత్యత్వం మీద కాళ్లూని నిలబడ్డ లెక్కతోనే. రెండు సౌష్ఠవాలు వేరనడానికి ఇంతకు మించి సాక్ష్యం అక్కర్లేదనుకుంటాను.

నియమాలు నిన్నటివే అని అంత నమ్మకంగా ఎలా అంటారని అడిగేవాళ్లుంటారు. గాబన్‌లోని ఒక్లో గనిలో సుమారు 200 కోట్ల ఏళ్ల కిందట యురేనియం ముడిఖనిజం తనంత తానే రియాక్టర్‌గా మండిన ఆనవాళ్లు 1972లో దొరికాయి. అక్కడ మిగిలిన సమేరియం ఐసోటోపుల పాళ్లను బట్టి, విద్యుదయస్కాంత బలం తీవ్రతను నిర్ణయించే స్థిరాంకం అప్పటికీ ఇప్పటికీ సుమారు కోటిలో ఒక వంతుకు మించి మారలేదని తేల్చారు. చంద్రుడి మీద అపోలో యాత్రికులు ఉంచిన అద్దాలకు లేజర్ కొట్టి చూస్తే గురుత్వ స్థిరాంకం మార్పు ఏడాదికి లక్ష కోట్లలో ఒక వంతు కూడా లేదు. ఒక్లో గురించి ఒక పెట్టె కట్టి వేస్తే పిల్లలు దాన్ని మాత్రం తప్పకుండా చదువుతారు.

చివరిది అన్నిటికన్నా ఇబ్బందికరమైన ప్రశ్న, పుస్తకాలు సాధారణంగా తప్పించుకునేది. విశ్వం వయసు సుమారు 3,80,000 ఏళ్లున్నప్పుడు, 3,000 కెల్విన్ల దగ్గర బయల్దేరిన కాంతి ఇవాళ 2.7 కెల్విన్ల మైక్రోవేవ్ తరంగాలుగా మనకు చేరుతోంది. విశ్వం సాగుతున్న కొద్దీ ఒక్కో ఫోటాన్ శక్తి దాదాపు 1,100 రెట్లు తగ్గింది. ఆ శక్తి ఏమైంది? ఏదో ఒక ఖాతాలోకి మళ్లిందని చెప్పి ఊరుకోబెట్టడం తేలిక. కాని సాగే విశ్వంలో నిన్నటి స్థలం, నేటి స్థలం ఒకటి కావు. కాలాన్ని జరిపితే మారకుండా ఉండేది అక్కడ లేదు. కాబట్టి విశ్వమంతటికీ కలిపి నిలిచే మొత్తం శక్తి అంటూ ఒకటి ఉండి తీరాలన్న హామీ కూడా లేదు. ప్రయోగశాలలోనో, ఒక నక్షత్రం పరిధిలోనో నియమం ఎప్పటిలాగే చెల్లుతుంది. ఈ మాట రాయడానికి జంకవద్దు. నియమం ఎక్కడ నుంచి వస్తుందో చెప్పిన పుస్తకానికి, అది ఎక్కడిదాకా వస్తుందో చెప్పే ధైర్యమూ ఉండాలి.

అసలు నోథర్ ఈ పనిలోకి దిగిందే ఈ చిక్కు వల్ల. 1915లో ఐన్‌స్టీన్ సాధారణ సాపేక్ష సిద్ధాంతం వచ్చినప్పుడు అందులో శక్తి నిత్యత్వం మామూలు రూపంలో పొసగడం లేదని గోటింగెన్‌లో హిల్బర్ట్, క్లైన్ తల పట్టుకున్నారు. ఆమెను పిలిపించారు. ఆడమనిషికి ఉద్యోగమివ్వడానికి విశ్వవిద్యాలయం ఒప్పుకోలేదు. కొన్నేళ్లు హిల్బర్ట్ పేరు మీద ప్రకటించిన తరగతుల్లో ఆమె జీతం లేకుండా పాఠాలు చెప్పింది. 1918 జులైలో ఆమె వ్యాసాన్ని గోటింగెన్ శాస్త్ర అకాడమీకి క్లైన్ సమర్పించాడు, ఆమెకు సభ్యత్వం లేదు కనుక. అధికారికంగా పాఠం చెప్పే హక్కు 1919లో గాని రాలేదు. 1933లో నాజీలు యూదులన్న పేరుతో తీసేసినవారిలో ఆమె ఒకరు. అమెరికా వెళ్లి 1935లో కన్నుమూసింది.

పాత అధ్యాయం మొదట్లో ఒక పట్టిక ఉండేది, మీకు గుర్తుండే ఉంటుంది. వివిధ దేశాల భౌతిక శాస్త్రవేత్తలు, వాళ్ల ముఖ్యమైన కృషి. ఆర్కిమెడిస్ నుంచి అబ్దుస్ సలాం దాకా; మన రామన్, సాహా, బోస్, భాభా, చంద్రశేఖర్ ఉన్నారు. పౌలీ, ఫెర్మీ, చాడ్విక్ ఉన్నారు. మహిళల్లో మేరీ క్యూరీ ఒక్కరే. శక్తి నిత్యత్వం ఎందుకు నిజమో చెప్పిన మనిషి పేరు అందులో లేదు. ఆ అధ్యాయాన్ని వెనక్కి తెస్తే, పట్టికలో ఇంకో వరుసకు చోటు చూడండి. పేరు గడిలో ఎమీ నోథర్, దేశం గడిలో జర్మనీ. మూడో గడిలో ఏం రాయాలో పైన విన్నవించాను.

ఇట్లు,
మీ పుస్తకాలు పట్టుకునే పాఠం చెప్పిన ఒక ఫిజిక్స్ లెక్చరరు